ఆయుష్షు పెంచే ఆహారం ఏది? ఒక ఇంట్లో తెగని వాదన

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. ఏడాదిగా మా ఇంట్లో ఒకటే చర్చ, ఏం తింటే ఎక్కువకాలం బతుకుతాం అని. మా తమ్ముడు కీటో ఆహారం మొదలుపెట్టాడు, పిండిపదార్థాలే అన్ని జబ్బులకూ మూలమంటాడు. మా అమ్మాయి పూర్తి వీగన్. పాలు, గుడ్లు కూడా ముట్టదు. వందేళ్లు దాటినవారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలన్నిటిలోనూ శాకాహారమే తింటారంటుంది. మా బావగారు రోజుకు ఒక్కపూట తింటే చాలు, వందేళ్లు ఖాయమంటారు. ఇవేవీ పాటించని మా అమ్మ 93 ఏళ్లు బతికింది. నలుగురం కలిస్తే మాటకు మాట పెరుగుతోంది. ఈమధ్య ఎవరి పళ్లెం వారు పట్టుకుని వేర్వేరు గదుల్లో తింటున్నాం. నాకు బీపీ ఉంది. ఉపవాసాలతోనే తగ్గిపోతుందని బావగారు చెబితే నాలుగు నెలల కిందట మాత్రలు ఆపేశాను, ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. సిగరెట్లు కూడా బాగా తగ్గించాను, రోజుకు నాలుగైదు మించవు. వీరిలో ఎవరి మాట నిజమో తేల్చి చెప్పండి. నేను కూడా ఒక్కపూట భోజనానికి మారాలా?

సమాధానం: ఎవరి మాటలో ఎంత నిజముందో తప్పకుండా చెబుతాను. కానీ మీరు ఉత్తరం చివర మామూలుగా రాసేసిన రెండు సంగతులు నన్ను కలవరపెట్టాయి. మొదటిది బీపీ మాత్రలు ఆపేయడం, రెండోది రోజుకు నాలుగైదు సిగరెట్లు. మీ ఇంట్లో ఏడాదిగా వాదించుకుంటున్న విషయాలన్నీ కలిపినా మీ ఆయుష్షు మీద ఈ రెండింటికున్నంత ప్రభావం ఉండదు. అందుకే వీటితోనే మొదలుపెడుతున్నాను, మరోలా అనుకోకండి.

ఒంట్లో బాగానే ఉందన్నారు. అధిక రక్తపోటు ఉన్నవారిలో చాలామందికి ఒంట్లో బాగానే ఉంటుంది. నొప్పి ఉండదు, నీరసం ఉండదు, పనులన్నీ ఎప్పటిలాగే సాగిపోతుంటాయి. లోపల మాత్రం రక్తనాళాల గోడలు గట్టిపడుతుంటాయి, గుండె కండరం మందమవుతుంటుంది, మూత్రపిండాల్లోని సన్నని నాళాలు దెబ్బతింటుంటాయి. కొందరికి పక్షవాతమో గుండెపోటో వచ్చాకే ఆ సంగతి తెలుస్తుంది. కాబట్టి మీ బీపీ ఎంత ఉందో చెప్పగలిగేది కొలిచే యంత్రమే, మీ ఒంటికి తెలియదు. ఇవాళే కొలిపించుకోండి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. అంతకుముందు అరగంటలో సిగరెట్, కాఫీ వద్దు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి, రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని, ఈ వారంలోనే డాక్టరును కలవండి. పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటి ఉంటే వారం ఆగవద్దు, ఆ రోజే వెళ్లండి. దానికితోడు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక చేయో కాలో బలహీనపడటం, చూపు మసకబారడం కనిపిస్తే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మాత్రలు ఆపిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి. పాత మాత్రలు మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టడం కూడా వద్దు. నాలుగు నెలలు గడిచాయి కాబట్టి ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఇప్పటి అంకెలు చూసి వారే నిర్ణయించాలి. మీ బావగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. బరువు తగ్గితే బీపీ తగ్గుతుంది, కొందరికి మందుల మోతాదు తగ్గించే వీలు కూడా కలుగుతుంది. అయితే ముందు అంకెలు తగ్గాలి, వాటిని చూసి డాక్టరు మందు తగ్గించాలి. మీరు మందు ముందే ఆపేసి, అంకెలు వాటంతటవే తగ్గి ఉంటాయని నమ్ముతున్నారు.

ఇక సిగరెట్లు. రోజుకు నాలుగైదుకు తగ్గించడం ఎంత కష్టమో నాకు తెలుసు, అది చిన్న విజయం కాదు. కానీ అక్కడే ఆగిపోతే గుండెకు దక్కే మేలు మీరు అనుకుంటున్నంత ఉండదు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వెలువడింది. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం ఉంటుందని అది తేల్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగిన సిగరెట్ల సంఖ్యకు తగ్గట్టు పెరుగుతుంది గానీ, గుండె విషయంలో ఆ లెక్క పనిచేయదు. రక్తం గడ్డకట్టే తీరు, నాళాల లోపలి పొర కొద్దిపాటి పొగకే మారిపోతాయి.

పూర్తిగా మానేస్తే ఏమి దక్కుతుందో కూడా చెప్పాలి. ఆయుష్షు గురించి మనకు తెలిసినవాటిలో అత్యంత గట్టి లెక్కల్లో ఇదొకటి. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్రిటన్‌లోని డాక్టర్లనే అధ్యయనానికి ఎంచుకున్నారు. 34 వేల మందికి పైగా పురుష వైద్యులను ఏకంగా 50 ఏళ్లపాటు గమనించిన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితాంతం పొగతాగినవారు తాగనివారికన్నా సగటున పదేళ్లు ముందుగా చనిపోయారు. 60వ ఏట మానేసినవారు అందులో సుమారు మూడేళ్లు తిరిగి సంపాదించుకున్నారు. 50లో మానేసినవారికి ఆరేళ్లు, 40లో అయితే తొమ్మిదేళ్లు, 30లో అయితే దాదాపు మొత్తం పదేళ్లూ దక్కాయి. మీకు 58. సగటున మూడేళ్ల జీవితం ఇప్పటికీ మీ చేతుల్లోనే ఉంది. కీటో గానీ, వీగన్ గానీ, ఒక్కపూట భోజనం గానీ ఇంత గట్టి ఆధారంతో ఇంత మేలును ఎవరికీ హామీ ఇవ్వలేదు. మనోబలం మీదే ఆధారపడకండి. నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్, డాక్టరు రాసే మందులు ఉన్నాయి. వాటికి కౌన్సెలింగ్ తోడైతే మానేయగలిగే అవకాశం పెరుగుతుంది. బీపీ కోసం వెళ్లినప్పుడే వీటి గురించీ అడగండి.

ఇప్పుడు మీ ఇంటి వాదనకు వద్దాం.

అది ఏడాదైనా ఎందుకు తెగడం లేదంటే, ఆహారానికీ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని తేల్చడం అంత కష్టం. కొత్త మందును పరీక్షించాలంటే చీటీ తీసి సగంమందికి మందు, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి చూస్తారు. తిండి విషయంలో అలా కుదరదు. నలభై ఏళ్లపాటు వీరు ఇదే తినాలి, వారు అదే తినాలి అని ఎవరినీ కట్టడి చేయలేం. అందుకే ఎక్కువ అధ్యయనాలు ప్రజలు తమంతట తాము ఏం తింటున్నారో అడిగి రాసుకుని, ఎవరు ఎంతకాలం బతికారో చూస్తాయి. కూరగాయలు బాగా తినేవారు తరచుగా పొగతాగరు, నడుస్తారు, చదువుకుని ఉంటారు, పరీక్షలు చేయించుకుంటారు. వారి ఆయుష్షులో కూరగాయల వాటా ఎంత, మిగతావాటి వాటా ఎంత అన్నది ఎన్ని లెక్కలు కట్టినా పూర్తిగా విడదీయలేం. అందుకే ప్రతి పక్షానికీ తనకు అనుకూలమైన అధ్యయనం ఒకటి దొరుకుతుంది.

మీ అమ్మాయి చెప్పిన ప్రాంతాలను ‘బ్లూ జోన్లు’ అంటారు. ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో శతాధిక వృద్ధులు ఎక్కువగా ఉన్న కొండ ప్రాంతాన్ని జానీ పెస్, మిషెల్ పూలాన్ అనే పరిశోధకులు పటం మీద నీలిరంగుతో గుర్తించారు. తర్వాత జపాన్‌లోని ఒకినావా, గ్రీసులోని ఇకారియా, కోస్టారికాలోని నికోయా, అమెరికాలోని లోమా లిండా ఆ జాబితాలో చేరాయి. ఈ అయిదు చోట్లా సంప్రదాయ భోజనంలో ఎక్కువ భాగం మొక్కల నుంచి వచ్చినదే. అంతవరకు అమ్మాయి మాట నిజం. కానీ అందరూ శాకాహారులు కారు, వీగన్లు అసలే కారు. సార్డీనియా పశువుల కాపరులు పాలు, జున్ను తింటారు. ఒకినావా పాతతరం తిండిలో సింహభాగం చిలగడదుంపదే అయినా, చేపలు, కొద్దిగా పందిమాంసం కూడా ఉండేవి.

ఆ వయసుల లెక్కల మీదే ఇప్పుడు పెద్ద వాదన నడుస్తోంది. 2010లో జపాన్ ప్రభుత్వం రికార్డులు తనిఖీ చేస్తే, వందేళ్లు దాటినట్టు కాగితాల్లో ఉన్నవారిలో 2 లక్షల 30 వేల మందికి పైగా ఆచూకీ దొరకలేదు. చాలామంది ఎప్పుడో చనిపోయారు, నమోదు మాత్రం రద్దు కాలేదు. సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు అమెరికా లెక్కలు పరిశీలించాడు. జనన ధ్రువపత్రాలు అమల్లోకి వచ్చిన రాష్ట్రాల్లో 110 ఏళ్లు దాటినట్టు చెప్పుకొనేవారి సంఖ్య 69 నుంచి 82 శాతం దాకా పడిపోయిందని చూపించాడు. బ్లూ జోన్ల పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. తాము చర్చి పుస్తకాలు, పౌర నమోదులు సరిచూసుకున్నాకే ఆ ప్రాంతాలను గుర్తించామంటారు. ఈ తగవు ఇంకా తేలలేదు. నాకు మాత్రం ఒకినావా తర్వాతి కథే ఎక్కువ పాఠం చెబుతుందనిపిస్తుంది. 1995లో జపాన్ రాష్ట్రాల్లో మగవారి ఆయుర్దాయంలో నాలుగో స్థానంలో ఉన్న ఒకినావా, 2000 నాటికి 26వ స్థానానికి జారింది. నేల అదే, వంశాలు అవే. యుద్ధం తర్వాత పుట్టినవారి తిండీ, నడకా, ఒంటి బరువూ మారిపోయాయి.

శాకాహారానికి అనుకూలంగా ఇంతకన్నా గట్టి సాక్ష్యం కాలిఫోర్నియాలోని సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవారి నుంచి వచ్చింది. వీరు పొగతాగరు, మద్యం ముట్టరు, వీరిలో చాలామంది శాకాహారులు. 2001లో వెలువడిన లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలోని మిగతావారికన్నా వీరిలో మగవారు 7.3 ఏళ్లు, ఆడవారు 4.4 ఏళ్లు ఎక్కువ బతికారు. అలాగని ఆ ఏళ్లన్నీ శాకాహారం ఖాతాలో వేయలేం. పొగ లేకపోవడం, వ్యాయామం, అదుపులో ఉన్న బరువు, బాదం లాంటి గింజలు తరచుగా తినడం, అన్నిటికీ వాటా ఉంది. బ్రిటన్‌లో 60 వేల మందిని పరిశీలించిన అధ్యయనాల్లో శాకాహారులకూ, అలాంటి జీవనశైలే ఉన్న మాంసాహారులకూ మొత్తం మరణాల రేటులో తేడా కనిపించలేదు. దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నది ఇది: మొక్కల ఆహారం పళ్లెంలో ఎక్కువ భాగం నింపితే మేలు. మిగిలిన కొద్ది భాగంలో చేపో, గుడ్డో, పెరుగో ఉన్నందువల్ల ఆయుష్షు తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మీ అమ్మాయి తన నమ్మకం ప్రకారం వీగన్‌గా ఉండాలనుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. విటమిన్ బి-12 మాత్రం తప్పనిసరిగా వేసుకోవాలి, ఎందుకంటే అది మొక్కల నుంచి ఆధారపడదగినంత దొరకదు. ఆ లోటు బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు. ఆలోపు నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు పూర్తిగా నయం కాదు.

మీ తమ్ముడి కీటో విషయం. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే మొదటి నెలల్లో బరువు తగ్గుతుంది, మధుమేహం ఉంటే చక్కెర అదుపులోకి వస్తుంది. ఇది నిజమే. ఆయుష్షు సంగతే వేరు. అమెరికాలో 15 వేలమంది నడివయసువారిని సుమారు 25 ఏళ్లు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. కేలరీలలో 50 నుంచి 55 శాతం పిండిపదార్థాల నుంచి తీసుకున్నవారిలో మరణాలు అతి తక్కువ. 40 శాతానికి తక్కువైనా, 70 శాతానికి ఎక్కువైనా మరణాలు పెరిగాయి. తగ్గించినవారిలోనూ రెండు దారులు కనిపించాయి. ఆ ఖాళీని మాంసం, జంతువుల కొవ్వుతో నింపినవారికి ముప్పు పెరిగింది, గింజలు, పప్పుధాన్యాలతో నింపినవారికి తగ్గింది. ఇది గమనించి చూసిన అధ్యయనమే కాబట్టి చివరి మాట కాదు. అయినా తమ్ముడు ఏది మానేశాడన్నదొక్కటే చూస్తే చాలదు, దాని స్థానంలో ఏది తింటున్నాడో చూడాలి. కీటోలో కొందరికి ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది. ఇప్పటిదాకా పరీక్ష చేయించకపోతే చేయించుకోమనండి.

మీ తమ్ముడూ, అమ్మాయీ ఎదురెదురుగా కూర్చుని వాదించుకునేటప్పుడు ఈ ప్రయోగం గురించి చెప్పండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, రెండో జట్టు పిండిపదార్థాలు తగ్గించింది. ఏడాది తర్వాత రెండు జట్లూ సగటున ఐదారు కిలోలు తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లకూ ఇచ్చిన సలహాలో కొంత భాగం మాత్రం ఒకటే: కూరగాయలు బాగా తినండి, చక్కెర కలిపినవి, మైదా లాంటివి మానేయండి, వీలైనంత ఇంట్లో వండినదే తినండి.

బావగారి వాదనకు మూలం ఎలుకల్లో ఉంది. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్‌కే, పోషకాలు తగ్గకుండా కేలరీలు మాత్రం తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయని చూపించాడు. మనుషుల మీద అది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు దగ్గరి సమాధానం కోసం 1980ల చివర్లో అమెరికాలో రీసస్ కోతులపై రెండు ప్రయోగాలు మొదలయ్యాయి. ఒకటి విస్కాన్సిన్‌లో, రెండోది జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థలో. రెండింటిలోనూ ఒక జట్టుకు సుమారు 30 శాతం తిండి తగ్గించారు. 2009లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు తక్కువ తిన్న కోతులకు వయసుతో వచ్చే జబ్బులు, వాటివల్ల మరణాలు తగ్గాయన్నారు. 2012లో రెండో సంస్థ తమ కోతుల ఆయుష్షులో తేడా లేదని ప్రకటించింది. రెండూ పేరున్న సంస్థలే, జంతువు ఒకటే, ప్రశ్న ఒకటే.

తేడా ఎక్కడ ఉందో తర్వాత తెలిసింది. విస్కాన్సిన్ కోతుల తిండిలో 28.5 శాతం చక్కెర, రెండో చోట సుమారు 4 శాతమే. పైగా విస్కాన్సిన్‌లో పోలిక కోసం ఉంచిన కోతులు ఇష్టం వచ్చినంత తిన్నాయి, రెండో చోట వాటికీ కొలత ప్రకారమే పెట్టారు. అంటే ఒక చోట తక్కువ తిన్న కోతులను అతిగా, చక్కెర ఎక్కువగా తిన్న కోతులతో పోల్చారు. రెండో చోట తక్కువ తిన్నవాటిని మితంగా, మంచి తిండి తిన్నవాటితో పోల్చారు. 2017లో రెండు బృందాలూ కలిసి రాసిన పత్రంలో కేలరీలు తగ్గిస్తే మొత్తం మీద మేలే అన్నారు గానీ, వయసు, తిండి నాణ్యత, ఆడా మగా తేడాలను బట్టి ఆ మేలు మారుతుందని కూడా చెప్పారు. నాకు ఈ కోతుల కథ ఎంతో విలువైనది. ఇప్పటికే మితంగా, మంచి తిండి తినేవారు ఇంకా కడుపు మాడ్చుకుంటే అదనంగా వచ్చేది ఏమంత ఉండకపోవచ్చు.

మనుషుల్లో ఒక్కపూట భోజనం వల్ల ఆయుష్షు పెరిగిందని చూపిన ప్రయోగం ఏదీ లేదు. తినే వేళలు కుదించడం మీద ఏడాదిపాటు జరిగిన ప్రయోగం 2022లో వెలువడింది. రెండు జట్లకూ ఒకే మేరకు కేలరీలు తగ్గించినప్పుడు, ఎనిమిది గంటల్లోనే తినాలన్న నియమం పెట్టుకున్నవారికి అదనంగా బరువేమీ తగ్గలేదు. బావగారికి ఆ పద్ధతి సుఖంగా ఉంటే, ఏ మందులూ వాడకపోతే, ఆయన ఇష్టం. మీ పరిస్థితి వేరు. బీపీ మందులు వాడుతూ రోజంతా తినకుండా, సరిగ్గా నీళ్లు తాగకుండా ఉంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి తూలి పడవచ్చు. పైగా మీ వయసు నుంచి కండ తగ్గుతూ పోతుంది, రోజుకు చాలినంత ప్రొటీన్ ఒక్కపూటలో తినడం కష్టం. కాబట్టి మీ ప్రశ్నకు సమాధానం: మారవద్దు. రాత్రి భోజనం త్వరగా ముగించి, ఆ తర్వాత చిరుతిళ్లు మానేస్తే చాలు.

మీ అమ్మగారు 93 ఏళ్లు బతకడం మీ అదృష్టం. ఎక్కువకాలం బతికినవారిని చూసి వారి అలవాట్లే కారణమనుకోవడం మాత్రం సరికాదు. ధ్రువపడిన లెక్కల ప్రకారం అందరికన్నా ఎక్కువకాలం, 122 ఏళ్లు బతికిన ఫ్రాన్స్ మహిళ ఝాన్ కాల్మా ఎన్నో దశాబ్దాలు సిగరెట్ తాగింది. అదే సిగరెట్ తాగి యాభైలో పోయినవారిని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు కదా. వంశపారంపర్య వాటా గురించి అడిగితే, డెన్మార్క్‌లో 1870 నుంచి 1900 మధ్య పుట్టిన కవలలపై జరిగిన అధ్యయనం ఆయుష్షులోని తేడాల్లో సుమారు పావువంతు జన్యువులదని తేల్చింది. ఆ అంకె ఇంకా ఎక్కువనేవారూ, తక్కువనేవారూ ఉన్నారు. అమ్మ నుంచి మీకు మంచి జన్యువులు వచ్చి ఉండవచ్చు, కానీ మీకు బీపీ కూడా ఉందిగా.

మరి చీటీ పద్ధతిలో మనుషుల మీద నిజంగా ప్రయోగించి, తిండిలో మార్పుతో మరణాలు తగ్గాయని చూపినది ఏదైనా ఉందా? ఉంది. మీ ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తినట్టు లేదు. అది ఉప్పు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మంది మీద జరిగిన ప్రయోగం 2021లో వెలువడింది. వారంతా అంతకుముందు పక్షవాతం వచ్చినవారు, లేదా 60 ఏళ్లు దాటి బీపీ ఉన్నవారు. సగం గ్రామాల్లో మామూలు ఉప్పే వాడారు. మిగతా సగంలో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లలో ఆ ఉప్పు వాడిన గ్రామాల్లో పక్షవాతాలు 14 శాతం, మొత్తం మరణాలు 12 శాతం తగ్గాయి. వంట మారలేదు, వేళలు మారలేదు. మీరు సరిగ్గా అలాంటి ఉప్పుతో మేలు పొందగల వ్యక్తి. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మందులు వాడుతున్నా పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. కాబట్టి డాక్టరును అడిగాకే ఆ ఉప్పు మొదలుపెట్టండి. మామూలు ఉప్పు తగ్గించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

స్పెయిన్‌లో సుమారు 7,400 మందిపై జరిగిన ప్రెడిమెడ్ ప్రయోగం కూడా చెప్పుకోదగ్గది. కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలతో పాటు ఆలివ్ నూనెనో గింజలనో ధారాళంగా తిన్నవారికి గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తగ్గాయి. చీటీలు తీయడంలో కొన్నిచోట్ల లోపాలు బయటపడటంతో 2018లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు సవరించి మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది. మొత్తం మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. కర్మాగారాల్లో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి గురించి అమెరికాలో కెవిన్ హాల్ చేసిన చిన్న ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. 20 మందిని ఒక నెల ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు తాజాగా వండిన తిండి పెట్టారు. వడ్డించినదాంట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు ఒకే మేరకు ఉండేలా చూశారు. కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్న రోజుల్లో వారు రోజుకు సగటున 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో పెరిగారు. ఈ విషయంలో మీ తమ్ముడు, అమ్మాయి, బావగారు ఒకే మాట మీద ఉంటారనుకుంటాను.

నడక గురించి ఒక్క లెక్క. ఆరున్నర లక్షల మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణలో, వారానికి 75 నిమిషాలు చురుకుగా నడిచేవారు 40 ఏళ్ల వయసు తర్వాత, అసలు కదలనివారికన్నా సుమారు 1.8 ఏళ్లు ఎక్కువ బతికారు. 150 నిమిషాలు నడిచినవారికి ఆ తేడా 3.4 ఏళ్లు. ఇదీ గమనించి చూసినదే అయినా, నడిస్తే బీపీ తగ్గుతుందని ప్రయోగాలు కూడా చూపాయి. వారానికి రెండుసార్లు కండలకు పని చెప్పే వ్యాయామం కూడా కావాలి. ఏడు గంటల నిద్ర చాలు. మద్యం అలవాటు ఉంటే, కొద్దిగా తాగితే గుండెకు మంచిదన్న పాత మాటను ఇప్పటి జన్యు అధ్యయనాలు బలపరచడం లేదు. ఆయుష్షు పెంచే మాత్రలంటూ ఎవరైనా బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్-ఎగా మారే పదార్థం) ఇస్తే మాత్రం తీసుకోకండి. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవారికి అది ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

చివరగా వేర్వేరు గదుల్లో భోజనం సంగతి. 148 అధ్యయనాలను, 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2010లో వెలువడింది. నలుగురితో గట్టి అనుబంధాలున్నవారికి బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని అది చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవారే నలుగురితో కలవగలుగుతారు కాబట్టి ఆ అంకె మొత్తం అనుబంధాల ఖాతాలోదే అనలేం. అయినా ఆయుష్షు పెంచుకోవాలని మొదలైన చర్చ మిమ్మల్ని ఒకరికొకరిని దూరం చేసిందంటే నాకు బాధగా ఉంది. ఎవరి పళ్లెంలో ఏది ఉన్నా సరే, రాత్రి భోజనానికి మళ్లీ ఒకచోట కూర్చోండి. ఆ సమయంలో తిండి గురించి వాదించకూడదని మీరే ఒక మాట అనండి. ఇంటికి పెద్దవారు, మీ మాట వింటారు. మీరు మాత్రలు ఆపడం గురించి నేను ఇలా అన్నానని బావగారికి చెప్పి, డాక్టరు దగ్గరకు ఆయననే తోడు తీసుకెళ్లండి. ఆయన మీ మేలు కోరే ఆ మాట చెప్పి ఉంటారు. డాక్టరు ఏమంటారో ఆయన కూడా స్వయంగా వినడం మంచిది.

వెళ్లేటప్పుడు బీపీ అంకెలు రాసుకున్న కాగితం, పాత మందుల చీటీ, ఇంతకుముందు చేయించిన రక్త, మూత్ర పరీక్షల ఫలితాలు పట్టుకెళ్లండి. మూత్రపిండాల పనితీరు, కొలెస్టరాల్, చక్కెర పరీక్షలు ఈమధ్య చేయించకపోతే అవీ అడగండి. సిగరెట్ మానే రోజు ఏదో అక్కడే నిర్ణయించుకోండి. నెల తర్వాత బీపీ ఎంత ఉందో, సిగరెట్ మానగలిగారో లేదో నాకు మళ్లీ రాయండి. మానలేకపోయినా రాయండి, తర్వాత ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.